కలవరం లేని వార్డు

దుప్పట్ల గదికి లోపలి నుంచి గడియ పడి ఉంది. ఉదయం పదకొండు గంటలవేళ, వరండాలో నేల మీద, ఆ తలుపుకి వీపు ఆనించి హెడ్ నర్సు ఎస్తేరు కూర్చుని ఉంది. ఆమె తల మీది టోపీ, ముఖం మీది మాస్కు, ఒంటి మీది నీలం గౌను అన్నీ చెమటకి తడిసిపోయాయి.

"గౌరీ, నిన్ను బయటికి రమ్మనటం లేదు. ఊరికే కూర్చున్నాను, అంతే."

లోపల ఉన్న గౌరీశ్వరరావు ఎనిమిదేళ్లుగా అక్కడ నర్సు. ఆ పూట రెండు గంటల వ్యవధిలో ముగ్గురు పోయారు. ముగ్గురినీ గుడ్డలో చుట్టింది అతనే. నాలుగో దుప్పటి తెస్తానని వెళ్లినవాడు గదిలోంచి బయటికి రాలేదు.

భీమిలి దగ్గర సముద్రానికి ఎదురుగా కట్టిన అంటువ్యాధుల ఆసుపత్రి అది. ఆ ఏడాది నీలి జ్వరం మూడో విడత. రోగికి గోళ్లు నీలంగా మారతాయి కాబట్టి జనం పెట్టిన పేరది. దాని మాయ ఏమిటంటే, చివరి అరగంట దాకా మోనిటర్ మీద అంకెలు బాగానే కనిపిస్తాయి. ఆ తరవాత ఒక్కసారిగా పడిపోతాయి. నెలలో పంతొమ్మిది మంది నర్సులు రాజీనామా ఇచ్చారు. మిగిలినవాళ్లు నూట పన్నెండు మంది. వాళ్లందరికీ పెద్ద ఎస్తేరు. ఇరవయ్యారేళ్ల అనుభవం ఉన్న ఆమెకి కూడా, అంబులెన్స్ కూత వినపడితే ఈమధ్య కడుపులో పేగులు మెలిపెట్టినట్టవుతోంది. అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగటం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండు గంటలు అలాగే కూర్చున్నాక గడియ తీసిన చప్పుడైంది. గౌరీశ్వరరావు తలుపు సందులోంచి, "మేడమ్, నాకు నిద్ర పట్టి ఇరవై రోజులైంది" అన్నాడు.

అతన్ని ఇంటికి పంపి ఎస్తేరు లేవబోతుంటే, వరండా చివర నిలబడి ఉన్న ఒకామె దగ్గరికొచ్చి చేయి అందించింది. ఆమె డాక్టర్ కౌముది. ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో నరాల మీద పనిచేస్తుంది. ముప్పై అయిదేళ్లుంటాయి.

"మిమ్మల్ని గంట నుంచి చూస్తున్నాను సిస్టర్. ఇలా ఎన్ని తలుపుల దగ్గర కూర్చోగలరు?"

"ఎన్ని మూసుకుంటే అన్నింటి దగ్గరా."

"అది కుదిరే పని కాదు. నాతో ఒకసారి రండి."

*

పరిశోధనశాలలో కౌముది ఫోన్ తీసి, వార్డు నర్సులంతా ఉలిక్కిపడే అంబులెన్స్ కూత వినిపించింది. ఎస్తేరు రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. అప్పుడు కౌముది బొటనవేలి గోరంత వెడల్పున్న ఒక పల్చటి పట్టీని ఆమె ఎడమ చెవి వెనక అంటించి, పావుగంట ఆగి, మళ్లీ అదే కూత వినిపించింది.

కూత వినపడింది. దూరంగా ఎవరో కుర్చీ జరిపినట్టు అనిపించింది, అంతే. కడుపు కదలలేదు.

"ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. మీ గుండె, మీ కడుపు మెదడుకి కబుర్లు పంపుతుంటాయి, భయపడు, పరిగెత్తు అని. ఈ చెవి వెనక నుంచి వెళ్లే నరం మీదుగా ఆ కబుర్లని మెత్తబరుస్తాను. మీ తెలివి ఎక్కడికీ పోదు. జ్ఞాపకం పోదు. చేతులు వణకవు. తీసేస్తే మూడు గంటల్లో మళ్లీ మామూలు." కౌముది ఫోన్ బల్ల మీద పెట్టి, "మా అన్నయ్య మత్తు డాక్టరు. మొదటి విడతలో పనిచేశాడు. ఆ తరవాత గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నాలుగేళ్లయింది. అమ్మ పళ్లెం గుమ్మంలో పెట్టి వస్తుంది. ఇది అప్పుడే నా దగ్గరుంటే..." అంది.

దానికి ఆమె పెట్టిన పేరు 'నెమ్మది'.

"ముందు నేను పెట్టుకుంటాను," అంది ఎస్తేరు. "నాకు ఏ ఇబ్బందీ లేదని తేలాకే పిల్లలకి."

ఆ రోజు ఆమె రెండుసార్లు కూర వేయించుకుని అన్నం తింది. వారం తిరిగేసరికి వార్డులో అందరి చెవుల వెనకా పట్టీలొచ్చాయి. నర్సులకే కాదు, డ్యూటీ డాక్టర్లకీ, సూపరింటెండెంట్ డాక్టర్ సన్యాసిరావుకీ కూడా. గౌరీశ్వరరావు తిరిగొచ్చాడు. కళ్ల కింద నలుపు తగ్గి, గడ్డం గీసుకుని, ఎవరో కొత్త మనిషిలా. వార్డులో పరుగులు ఆగిపోయాయి. ఎవరూ ఎవరి మీదా అరవటం లేదు. రాజీనామా కాగితాలు రావటం మానేశాయి. రాజధాని నుంచి వచ్చిన అధికారులు వార్డు అంతా తిరిగి చూసి, ఇంత ప్రశాంతమైన ఆసుపత్రిని ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. వాళ్లు ఆ మాట అంటున్నప్పుడు పక్క మంచం మీద ఒక మనిషి చనిపోయి అరగంట అయింది. గుడ్డ చుట్టే పని ఎలాంటి హడావిడీ లేకుండా జరుగుతోంది.

పట్టీ లేనిది ఒక్క నూకరత్నానికే. అనకాపల్లి పిల్ల, ఇరవయ్యారేళ్లు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, ఇప్పటికీ మాత్రలు వాడుతోంది. అలాంటివాళ్లకి ఈ పట్టీ పడదని కౌముది మొదటే చెప్పింది. కాబట్టి వార్డంతటిలో ఆ పిల్ల ఒక్కతే ఇంకా పరిగెత్తేది. ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరికి, అక్కడి నుంచి డాక్టరు గదికి, మళ్లీ వెనక్కి. ఆమె చెప్పుల చప్పుడు మిగతావాళ్లకి కొంచెం చిరాకుగా ఉండేది. చిరాకు కూడా మెత్తగానే.

*

ఎస్తేరు పట్టీ పెట్టుకున్న పన్నెండో రోజు మధ్యాహ్నం నూకరత్నం ఆమె టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మేడమ్ గారండీ, ఒక్కసారి ఏడో బెడ్ తాతని చూడండి. నాకేటో బాగోనట్టుంది."

ఏడో బెడ్‌లో ఉన్నది గరికిన ఎర్రయ్య. అరవై రెండేళ్ల చేపల వేటగాడు, చేపలుప్పాడ ఊరి మనిషి. సముద్రం మీద గొంతు చించుకుని అరిచి అరిచి, మామూలుగా మాట్లాడినా వార్డంతా వినపడేది.

"ఏమైంది?"

"ఏం అవలేదండి. అదే. పొద్దుట్నుంచి నన్ను ఒక్క తిట్టూ తిట్లేదు. రోజూ చప్పిడి కూడంటూ పళ్లెం తోసేస్తాడు కదా, ఇయ్యాల అన్నం బాగుందన్నాడు. దుప్పటి అంచు గిల్లుకుంటన్నాడండి."

ఎస్తేరు లేచి వెళ్లింది. మోనిటర్ చూసింది. ఆక్సిజన్ తొంభై అయిదు. నాడి పట్టుకుంది. ఎర్రయ్య ఆమె ముఖంలోకి చూసి చిన్నగా నవ్వాడు.

"అంకె బాగానే ఉంది కదమ్మా. చూద్దాం."

"చూద్దాం కాదండీ, డాక్టర్ గారిని..."

"చూద్దాం అన్నాను కదా."

నూకరత్నం తనే డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన చేతిలో కాగితం పక్కన పెట్టి, ఎంతో మర్యాదగా, ఇది పూర్తి చేసి వస్తానన్నాడు. మూడున్నరకి ఏడో బెడ్ మోనిటర్ మోగింది. అప్పుడందరూ వచ్చారు. చేయాల్సినవన్నీ తప్పు లేకుండా, వరస తప్పకుండా చేశారు. నాలుగూ పదికి ఎర్రయ్య పోయాడు. ఆ నలభై నిమిషాలూ నూకరత్నం అతని చేయి పట్టుకునే ఉంది.

ఎస్తేరు కేస్ షీటు మీద టైము రాసింది. అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా వచ్చాయి. నూకరత్నం గోడకి నుదురు ఆనించి ఏడుస్తుంటే భుజం తట్టి, "కాసేపు బయట గాలికి కూర్చోమ్మా" అంది. ఆ మాటలో తప్పేం లేదు. అదే మాట పాతికేళ్లుగా ఎందరికో చెప్పింది. కానీ నూకరత్నం తలతిప్పి, ముందెప్పుడూ చూడని మనిషిని చూసినట్టు ఆమె వైపు చూసింది.

*

పద్దెనిమిదో రోజు ఆదివారం. ఎస్తేరుకి సెలవు. ఆమె భర్త దానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఒక్కతే కూతురు ప్రిసిల్లా, తొమ్మిదో తరగతి. పిల్లకి రెండు రోజులుగా దగ్గు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది.

ఎస్తేరు మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ప్రిసిల్లా గుమ్మం పట్టుకుని నిలబడి, "అమ్మా, పడుకుంటే... ఊపిరి... అందట్లేదు" అంది.

"ఆవిరి పట్టు. తగ్గిపోతుంది."

దానియేలు వంటింట్లోంచి వచ్చి పిల్లని చూశాడు. పిల్ల భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. పెదాల రంగు మారింది. అతను ఒక్క ఉదుటున వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు. పిల్లని ఎత్తుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు.

"ఎస్తేరూ, నువ్వు రావా?"

"ఈ నాలుగు బట్టలూ మడతపెట్టి వస్తాను. మీరు పదండి."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి తరవాత చాలాసార్లు అనిపించింది. భార్య ఒంట్లో ఇంకెవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు, నోరు కొంచెం తెరుచుకుని, క్షణంసేపు చూశాడు. ఆటో వెళ్లిపోయింది.

ఎస్తేరు ఒక తువ్వాలు మడతపెట్టింది. తరవాత ఇంకొకటి. మూడోది ప్రిసిల్లా స్కూలు గౌను. అది చేతిలోకి తీసుకున్నప్పుడు, పాఠం అప్పజెప్పినట్టు ఆమె తలలో కొన్ని మాటలు వరసగా వచ్చాయి. పిల్ల మాట మధ్యలో ఆపి ఊపిరి తీసుకుంటోంది. మెడ కండరాలు లాగుతున్నాయి. పెదాలు రంగు మారాయి. ఇలాంటి పిల్లని చూస్తే నర్సు మొదట చేయాల్సింది ఏమిటి? పరిగెత్తటం. తల్లి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఆమెకి అంతా తెలుస్తోంది. అయినా కాళ్లు కదలటం లేదు. కదలాలన్న తొందర ఎక్కడి నుంచి పుట్టాలో అక్కడ ఏమీ లేదు. తోడిన బావిలా ఖాళీ.

గౌను మంచం మీద పడేసి చెవి వెనకకి చేయి పోనిచ్చింది. పట్టీ చర్మాన్ని లాగుతూ ఊడి వచ్చింది.

తొందర లేకుండానే ఊళ్లోని పెద్దాసుపత్రికి వెళ్లింది. పిల్లల వార్డులో ప్రిసిల్లా ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. ఎస్తేరు తల ఊపింది. దానియేలు పిల్ల మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్లి వెనక మెట్ల మీద కూర్చుంది, మూడు గంటలు ఎదురుచూడటానికి.

రెండు గంటలకే మొదలైంది. ముందు అరిచేతులు తడిశాయి. తరవాత గుమ్మంలో నిలబడి ఊపిరి కోసం మాట విరిచిన కూతురు కళ్ల ముందుకి వచ్చింది. ఆ వెనకే ఎర్రయ్య నవ్వు. ఆ రోజుల్లో వార్డులో పోయిన పదో బెడ్ టీచరమ్మ, పెళ్లెప్పుడని అడిగితే సిగ్గుపడ్డ పాతికేళ్ల కుర్రవాడు, మంచం చాలనంత పొడుగున్న లారీ డ్రైవరు. పద్దెనిమిది రోజులుగా ఆమె కళ్లు చూసినవీ, చేతులు ముట్టుకున్నవీ ఎక్కడికీ పోలేదు. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఎస్తేరు మెట్ల పక్కన వంగి వాంతి చేసుకుంది. లేచి పరిగెత్తింది.

మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి కూతురి పాదాలు పట్టుకుంది.

"అమ్మా, ఎందుకలా వణికిపోతున్నావ్?" అంది ప్రిసిల్లా గొట్టం వెనక నుంచి.

"వచ్చాను తల్లీ. వచ్చేశాను."

దానియేలు ఆమె ముఖం చూశాడు. చూసి, లేచి, తన కుర్చీ ఆమెకి ఇచ్చాడు.

*

మర్నాడు ఉదయం ఎస్తేరు, కౌముది ఇద్దరూ పరిశోధనశాలలో కేస్ షీట్ల కట్టలు పరుచుకుని కూర్చున్నారు. ఎస్తేరు వెతికింది ఒక్కటే. మోనిటర్ మోగకముందే నర్సు డాక్టర్ని పిలిచిన సందర్భాలు. పట్టీలు రాకముందు నెలలో అలాంటివి కుప్పలుగా ఉన్నాయి. "రోగి కుదురుగా లేడు", "ఎందుకో అనుమానంగా ఉంది", "ఇంటికి పోతానంటున్నాడు" అంటూ రకరకాల చేతిరాతలు. చాలాసార్లు ఆ పిలుపుకీ, అంకెలు పడిపోవటానికీ మధ్య అరగంట, ముప్పావుగంట తేడా ఉంది. మనిషిని నిలబెట్టగలిగింది ఆ అరగంటలోనే.

అందరికీ పట్టీలొచ్చాక అలాంటి పిలుపులు పదకొండు. పదకొండూ ఒకే చేతిరాత.

"నూకరత్నం," అంది ఎస్తేరు.

కౌముది ఆ పదకొండు కాగితాలూ వేరే కట్టగా పెట్టింది. "నేను మీ ఏడుపు ఆపుదామనుకున్నాను సిస్టర్. అందులోనే ఇది కూడా ఉందని..."

"మాకు మాత్రం తెలుసా డాక్టర్ గారూ? మోనిటర్ కన్నా ముందు కనిపెడుతున్నామంటే అనుభవం అనుకున్నాం. అనుభవం తలలో ఉంటుందనుకున్నాం. అది కడుపులో ఉందని తీసేశాకే తెలిసింది."

"ఎంతమంది?" అని అడిగింది కౌముది.

"కచ్చితంగా చెప్పలేం. ఆరుగురో, తొమ్మిది మందో. ఒకరు మాత్రం నాకు కచ్చితంగా తెలుసు."

"పట్టీ బలం తగ్గించి చూద్దాం. సగానికి..."

"ఎవరి మీద చూస్తారు?"

కౌముది చూపు బల్ల మీద ఉన్న ఒక కవరు మీద పడింది. అందులో అన్నయ్య కోసం వేరుగా దాచిన పట్టీ ఉంది. దాన్ని సొరుగులోకి తోసేసింది.

"మీరు చెడ్డ వస్తువు చేయలేదు," అంది ఎస్తేరు. "మంచం పక్కన నిలబడేవాళ్లు పెట్టుకోకూడదు, అంతే."

ఇద్దరూ డాక్టర్ సన్యాసిరావు గదికి వెళ్లారు. ఆయన కాగితాలు పూర్తిగా చదివాడు. మంచివాడు. ఆ ఆసుపత్రి కోసం రెండేళ్లుగా ఇంటికి సరిగా వెళ్లని మనిషి.

"విచారకరమే," అన్నాడు. "నిదానంగా ఆలోచిద్దాం. ఒక కమిటీ వేద్దాం. తొందరేముంది?"

ఎస్తేరు ఆయన చెవి వైపు చూసింది.

"సర్, మీరు కోప్పడనంటే ఒక మాట. ఆ పట్టీ తీసేయండి. మూడు గంటలాగి ఇవే కాగితాలు మళ్లీ చదవండి. అప్పటిదాకా నేను బయట కూర్చుంటాను. అప్పుడు కూడా తొందర లేదనిపిస్తే నేను ఇంకేమీ అడగను."

ఆయనకి కోపం రాలేదు. రావటానికి వీల్లేదు కూడా. పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఎస్తేరు వరండాలో కూర్చోలేకపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. వార్డులోకి వెళ్లి మంచాలన్నీ చూసి వచ్చింది. మళ్లీ నడిచింది. ఒంటి గంట దాటాక తలుపు తెరుచుకుంది. డాక్టర్ సన్యాసిరావు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తీయించేస్తే రేపు డ్యూటీకి ఎవరొస్తారమ్మా?"

"ఎంతమంది వస్తే అంతమందితో నడుపుదాం. కానీ సర్, ఉత్త చేతులతో నేను వాళ్ల ముందు నిలబడలేను. పన్నెండు గంటల డ్యూటీ ఆరు గంటలు చేయండి. వరసగా రెండు మరణాలు ఒక్కరి వంతుకి రాకూడదు. డ్యూటీ దిగేవాళ్లు ఇంటికి వెళ్లేముందు అరగంట కూర్చోవటానికి ఒక గది కావాలి. పాత ఎక్స్‌రే గది చాలు. ఆ అరగంట కూడా డ్యూటీలోకే రావాలి."

"ఆరు గంటలంటే మంచాలు తగ్గించాలి. పైవాళ్లు ఒప్పుకోరు."

"పైవాళ్లకి మీరు చెప్పండి. కిందవాళ్లకి నేను చెబుతాను."

ఆయన ఫోన్ అందుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి, డ్యూటీ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కలిసే వేళకి, ఆక్సిజన్ ట్యాంకు ముందు ఖాళీ జాగాలో అందరినీ నిలబెట్టింది ఎస్తేరు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వాళ్ల ముఖాలు ప్రశాంతంగా ఉన్నాయి. ఆ ప్రశాంతత చూస్తే ఆమెకి భయం వేసింది.

"ఏడో బెడ్ ఎర్రయ్య బాగోలేదని నూకరత్నం నాకు చెప్పింది," అని మొదలుపెట్టింది. "నేను వెళ్లి చూశాను. అంకె బాగుంది, చూద్దాం అన్నాను. గంటన్నర తరవాత ఆయన పోయాడు. పట్టీ లేకపోయి ఉంటే ఆ నవ్వు చూడగానే నా కడుపు చెప్పేది. ముందు పెట్టుకున్నది నేను. మీ అందరికీ పెట్టించింది నేను. ఆ తప్పు నాది."

కేస్ షీట్ల సంగతి చెప్పింది. తన కూతురి సంగతి కూడా దాచలేదు. ఆరు గంటల డ్యూటీ గురించీ, గది గురించీ చెప్పింది.

"వార్డులోకి వచ్చేవాళ్లు పట్టీ తీసి రావాలి. తీస్తే అన్నీ తిరిగొస్తాయి. అబద్ధం చెప్పను, చాలా కష్టంగా ఉంటుంది. వద్దనుకున్నవాళ్లు వెళ్లిపోవచ్చు. వాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు, నేను అననివ్వను. ఉండేవాళ్లు ఏ పూట దిగినా ఆ గదిలో నేను ఉంటాను."

గౌరీశ్వరరావు ముందుకి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు. ఉన్నది అంతకన్నా కష్టంగా వినిపించింది.

"మేడమ్, నాకు నిద్ర ఇచ్చి మీరే లాక్కుంటున్నారు."

"అవును గౌరీ."

"మళ్లీ ఆ గదిలో గడియ పెట్టుకునే మనిషిని నేను కాలేను."

"తెలుసు. నిన్ను ఉండమని అడగను."

అతను ఆమె కాళ్ల వైపు చూసి, తిరిగి గేటు వైపు నడిచాడు. అతని వెనక ఇంకో పద్నాలుగు మంది వెళ్లారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పట్టీ ఊడదీసి స్టీలు ట్రేలో వేశారు.

ఆ తరవాతి వారం ఆసుపత్రి అంత అల్లకల్లోలంగా ఎప్పుడూ లేదు. నర్సులు మందుల ట్రాలీ దగ్గర పోట్లాడుకున్నారు. చేతులు కడుక్కుంటూ ఏడ్చారు. ఒకామె తను సమయానికి గుర్తుపట్టలేని రోగుల పేర్లు గోడ మీద పెన్సిల్‌తో రాసింది. ఎవరూ చెరపలేదు. ఎక్స్‌రే గదిలో నాలుగు బల్లలు, టీ ఫ్లాస్కు. కొందరు మాట్లాడేవాళ్లు, కొందరు మౌనంగా కూర్చుని లేచిపోయేవాళ్లు. ఒక మధ్యాహ్నం డాక్టర్ సన్యాసిరావు వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. పక్కనున్న ఆయా ఆయనకి టీ పోసి ఇచ్చింది. ఎస్తేరు గౌరీశ్వరరావుకి రోజూ ఫోన్ చేసేది. అతను ఎత్తి, బాగున్నానని చెప్పి పెట్టేసేవాడు. తిరిగి రాలేదు.

వార్డులో మాత్రం డాక్టరు గది వైపు మళ్లీ పరుగులు మొదలయ్యాయి. మోనిటర్ కన్నా ముందు పిలిచేవాళ్లు ఇప్పుడు ఒక్కరు కాదు. అన్ని పిలుపులూ నిజం కాలేదు, అందరూ బతకలేదు. కానీ ఆ వారం అంతకు ముందు వారం కన్నా తక్కువమంది పోయారు.

పట్టీలు తీసిన పదో రోజు పగలు, అందరూ లేచి వెళ్లాక నూకరత్నం ఎక్స్‌రే గది తలుపు దగ్గరగా వేసి వచ్చి ఎస్తేరు ఎదురుగా కూర్చుంది.

"మేడమ్ గారండీ, ఇప్పుడు మీ అరగంట."

"నాకు పనుందమ్మా."

"మాకందరికీ పనుందండి. మీరు అందరియీ ఇన్నారు. మీది ఒక్కరం ఇన్లేదు."

ఎస్తేరు లేవబోయి మళ్లీ కూర్చుంది. "ఎర్రయ్యకి ఎవరున్నారు?" అని అడిగింది.

"కూతురండి. పోలమ్మ."

"ఆమెకి చెప్పాలి."

*

చేపలుప్పాడలో పోలమ్మ ఇంటి ముందు ఇసుక మీద వలగుడ్డ పరిచి చేపలు ఎండబెడుతోంది. నలభై ఏళ్లుంటాయి. ఆసుపత్రి నుంచి వచ్చామంటే చేతులు చీర చెంగుకి తుడుచుకుని నిలబడింది. కూర్చోమనలేదు. ఎస్తేరు నిలబడే చెప్పింది. పట్టీ అంటే ఏమిటో, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో, తను ఏం చూసి ఏం చేయలేదో. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

"అయితే మా అయ్య బతికుండేవోడా?" అంది పోలమ్మ.

"తెలీదమ్మా. బతికేవాడేమో. ముందే డాక్టర్ని పిలవాల్సింది. నేను పిలవలేదు."

"మా అయ్య నీ ముకం సూసి నవ్వినాడన్నావు కదా. నీకు అప్పుడేటీ అనిపించనేదా?"

"లేదు."

"ముసిలోడు ఎల్లిపోతంటే ఏటీ అనిపించనేదా?"

"లేదమ్మా."

పోలమ్మ వలగుడ్డ అంచు పట్టి విసురుగా లాగింది. చేపలన్నీ ఇసుకలో పడ్డాయి. ఆమె అరిచిన అరుపులకి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఏ మాట అన్నా ఎస్తేరు తల దించలేదు, జవాబు చెప్పలేదు, వెనక్కి అడుగు వేయలేదు. గుండె గొంతులో కొట్టుకుంటోంది. అది అలా కొట్టుకోవటాన్ని ఆమె ఆపాలనుకోలేదు.

అరిచి అరిచి పోలమ్మ ఆగింది. ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆకర్న మా అయ్య సెయ్యి ఎవులైనా అట్టుకున్నారా? ఒక్కడే ఎల్లిపోనాడా?"

"నాను పట్టుకున్నానమ్మా," అంది నూకరత్నం. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో దాచుకున్న ఊరి మాట ఆమెకి తెలియకుండానే బయటికొచ్చేసింది. "ఒగ్గనేదు. అయిపోయినాక కూడా సానాసేపు ఒగ్గనేదు."

పోలమ్మ ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తిప్పి అరిచేయి చూసింది. ఆ అరిచేతిలో తండ్రి చేతి గుర్తు ఏదైనా మిగిలిందేమో వెతుకుతున్నట్టు, వేలు వేలూ తడిమి చూసింది. చూస్తూ చూస్తూ ఆ చేతిని చెంపకి ఆనించుకుని ఇసుకలో కూలబడింది. నూకరత్నం కూడా ఆమెతో పాటే కూర్చుంది.

కొంతసేపటికి పోలమ్మ తల ఎత్తకుండానే ఎస్తేరుతో అంది.

"నువ్వెల్లు. ఈ పిల్లని కూసింతసేపు ఉండనీ."

ఎస్తేరు ఒక్కతే ఇసుకలోంచి రోడ్డు మీదికి వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండకి తారు మెరుస్తోంది. క్షమించమని ఆమె అడగలేదు, పోలమ్మ క్షమించనూ లేదు. బస్సు ఆగే చోట రాయి మీద కూర్చుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు.

ఫోన్ మోగింది. వార్డు నుంచి. పోయిన వారమే చేరిన కొత్త నర్సు.

"మేడమ్, మూడో బెడ్ అమ్మాయి. అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఏం అడిగినా బాగున్నానంటోంది. కానీ..."

"కానీ అన్నావుగా, చాలు. డాక్టర్ని పిలువు."

"ఏమని చెప్పమంటారు మేడమ్?"

"నీకు కుదురుగా లేదని చెప్పు. నేను వస్తున్నాను."

ముఖం తుడుచుకోకుండానే లేచి, ఎదురుగా వస్తున్న ఆటోకి అడ్డంగా వెళ్లి చేయి ఎత్తింది.